అమ్మమ్మ ఇంటి డిపాజిట్

ఫ్లీట్‌వుడ్,
మార్చి నెల, ఆదివారం పొద్దున.

చిరంజీవి కీరన్‌కు,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా మోకాళ్ళూ, పక్క ఫ్లాటులో ఐవీ. నువ్వక్కడ వేళకు తింటూ, ఎవరి జోలికీ పోకుండా క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారమే అందింది. వెంటనే జవాబు రాయలేదని కోప్పడకు. రోజూ రాద్దామని కూర్చోవడం, టీ పెట్టుకోవడం, అది చల్లారిపోవడం, లేచిపోవడం. ఈమధ్య నాకు అన్నీ ఇలాగే ఉన్నాయి. మొన్న ట్రామ్‌లో మన స్టాపు దాటిపోయి చివరిదాకా వెళ్ళి అలాగే కూర్చున్నాను. డ్రైవరు వచ్చి, "అమ్మా, ఇక సముద్రమే మిగిలింది, దిగండి," అంటే గానీ తెలియలేదు. బాధేమీ లేదు. బాధ ఉంటే చెప్పేదాన్నే. ఏమీ లేదు, అంతే.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. మేజోళ్ళు పంపుదామని పోస్టాఫీసుకు వెళ్తే, బయటి బట్టలు మీ దగ్గర తీసుకోరని అక్కడ కూర్చునే అమ్మాయే చెప్పింది. ఆ పిల్ల తమ్ముడు కూడా లోపలే ఉన్నాడట. అందుకని నీ ఖాతాలో కొంచెం డబ్బు వేశాను, అక్కడి కొట్లోనే కొనుక్కో. మన జట్టు సంగతి అడిగావు. ఓడిపోయింది. పోయిన వారం కూడా ఓడిపోయింది. అమ్మమ్మ గోడ గడియారం నా దగ్గరే ఉంది, నడవడం లేదు. బాగు చేయించమన్నావు, చూస్తాను.

ఇక అసలు సంగతి. వేసవిలో నీ కాలికి ఎక్కడున్నావో తెలిపే ట్యాగు కట్టి జైలు నుంచి ముందుగా వదిలే అవకాశం ఉందని, దానికి బయట ఒక చిరునామా చూపించాలని, అమ్మమ్మ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదని రాశావు. "నోటీసు ఇచ్చావా లేదా, ఎన్నిసార్లు అడగాలి" అని రాసి కింద రెండు గీతలు గీశావు. రెండో గీతకు కాగితం చిరిగింది. చూశాను.

అద్దెకున్నవాళ్ళకు ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చాను కీరన్. జనవరిలో నువ్వు అడగ్గానే ఇచ్చాను. అది చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెబుతాను, మొత్తం చదువు. నీకు మధ్యలో వదిలేసే అలవాటుంది.

అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో అద్దెకు దిగిన బెవర్లీ నీకు పేరుకే తెలుసు. అందరూ బెవ్ అంటారు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే పని. వెంట తండ్రి ఉన్నాడు, నార్మన్ అని, చేపల పడవల మీద పనిచేసి చేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. మెట్లెక్కలేక ముందు గదిలోనే మంచం వేసుకున్నాడు. మాట్లాడడానికి మాత్రం ఊపిరికి లోటు లేదు. శుక్రవారం శుక్రవారం నేను అద్దె తీసుకోవడానికి వెళ్తే టీ తాగకుండా కదలనివ్వడు.

"ఏమ్మా డోరీన్, అద్దె తీసుకుని మొహం చాటేస్తే ఎలా? కూర్చో. మీ అమ్మ ఇదే గదిలో నా చెవి మెలిపెట్టింది తెలుసా?"

"ఎందుకు మెలిపెట్టిందండీ?"

"నా డబ్బు నేనడిగినందుకు!"

అది అబద్ధం కాదు. మీ అమ్మమ్మ ఆ ఇంట్లో పడవల వాళ్ళకు గదులు అద్దెకిచ్చిన రోజులు నువ్వెరగవు. పడవ ఒడ్డుకొచ్చిందంటే వాళ్ళ జేబు నిండా జీతం, మళ్ళీ బయల్దేరేదాకా మూడు రోజులు సెలవు. ఊళ్ళో వాళ్ళను మూడు రోజుల జమీందార్లనేవారు. వాళ్ళలో కాస్త బుద్ధున్నవాళ్ళు పబ్బుకు వెళ్ళేముందే సగం జీతం తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టి, "నేనెంత బతిమాలినా ఇవ్వకమ్మా" అనేవారు. ఆవిడ ఇచ్చేది కాదు. తలుపు బాదినా, వీధిలో నిలబడి పాటలు పాడినా ఇచ్చేది కాదు. ఒక్కొక్కడి పేరు రాసిన కవరు, కవర్లన్నీ ఒక రేకు డబ్బాలో, డబ్బా బీరువా మీద. పడవెక్కే రోజు పొద్దున ఎవరి కవరు వాళ్ళకు. ఆ వీధిలో బ్యాంకు కన్నా ఆ డబ్బాకే పరువెక్కువ.

బెవ్ ఇంట్లో దిగే రోజున డిపాజిట్ ఇచ్చింది. ఒక నెల అద్దె, పైన కొంచెం. అద్దె ఎగ్గొట్టినా, ఏదైనా పాడు చేసినా అందులో పట్టుకోవాలి, లేకపోతే వెళ్ళే రోజున తిరిగిచ్చెయ్యాలి. నాకు తెలిసిందంతే. కవరు మీద బెవ్ అని రాసి, అమ్మమ్మ డబ్బాలోనే పెట్టి, డబ్బాను ఈ ఫ్లాటులో బీరువా మీద పెట్టాను. బ్యాంకులో వేస్తే నా డబ్బులో కలిసిపోతుంది కదా అనుకున్నాను. గ్యాసు బిల్లుకు తడుముకున్న నెలలో కూడా దాని మూత తియ్యలేదు. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది అని కూడా అనుకున్నాను.

జనవరిలో నోటీసు పట్టుకెళ్తే బెవ్ తడి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుని తీసుకుంది. కారణం చెప్పక్కర్లేని నోటీసు అది, రెండు నెలల గడువు. చదివి, మడిచి, "మీ అబ్బాయి వస్తున్నాడుగా, మరి అంతే కదండీ," అంది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. నార్మన్ ఆ రోజు నన్ను కూర్చోమనలేదు.

వారం తిరక్కుండా బెవ్ మా ఫ్లాటుకు వచ్చింది. ఐవీ కూడా ఇక్కడే ఉంది, ఇద్దరం పేకాట వేసుకుంటున్నాం.

"డోరీన్ గారూ, ఏమీ అనుకోకండి. నా డిపాజిట్ ఏ స్కీములో ఉందండీ?"

"స్కీమేమిటి? బీరువా మీద ఉంది."

"బీరువా మీదా?"

"డబ్బాలో. చూస్తావా? ఉండు, కుర్చీ వేసి తీస్తాను."

"అయ్యో వద్దండీ, మీ మోకాళ్ళు... ఇల్లు కావాలని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్తే అక్కడావిడ మొదటి మాటే అదడిగింది. నేను దిగిన నెల రోజుల్లో మీరు డిపాజిట్‌ను స్కీములో వేసి నాకో కాగితం ఇచ్చి ఉండాలట."

"నీ డబ్బు నోటుకు నోటు ఉందమ్మా. నేను తిన్నాననుకుంటున్నావా?"

"ఛఛ, నాకు తెలియదా? ఆవిడకు అదే చెప్పాను, మా డోరీన్ గారు అలాంటి మనిషి కాదండీ అని. 'మనిషి సంగతి కాదమ్మా, స్కీములో ఉందా లేదా చెప్పు,' అంది. లేకపోతే ఆ నోటీసు చెల్లదట. నేను కదలక్కర్లేదట. పైగా..."

"పైగా?"

"కోర్టుకెళ్తే మీరు నాకు దానికి మూడింతల దాకా ఇచ్చుకోవాలట. నేను వెళ్ళను లెండి. ఆ మాట అంటుంటేనే సిగ్గుగా ఉంది."

ఐవీ ముక్కలు బోర్లించి పెట్టి, "ఒసే డోరీన్, ఈ వయసులో చట్టానికి దొరికావా? ఇంటికొకరు చాలదటే?" అంది. అనేసి నాలిక కరుచుకుంది. నా వంతు వస్తే ముక్క వేశాను. ఏ ముక్క వేశానో గుర్తు లేదు, ఓడిపోయాను.

ఆ గురువారం లైబ్రరీలో ఉచిత సలహా చెప్పే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఫెయిర్‌హర్స్ట్ గారని, బ్యాంకులో రిటైరయ్యారు. మంచి మనిషే గానీ దగ్గు బిళ్ళ బుగ్గన పెట్టుకుని మాట్లాడతారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు డిపాజిట్ తీసుకుంటే నెల రోజుల్లోగా ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములు కొన్ని ఉన్నాయట, వాటిలో ఒకదానిలో వెయ్యాలట. డబ్బు వాళ్ళకే అప్పగిస్తే ఖర్చేమీ లేదు. మన దగ్గరే ఉంచుకుంటామంటే బీమా లాగా కొంత కట్టాలి. డబ్బు ఎక్కడుందో, ఎలా వెనక్కు తీసుకోవాలో రాసిన కాగితం అద్దెకున్నవాళ్ళ చేతికివ్వాలి. ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ సరేనంటే స్కీము వాళ్ళు డబ్బు పంపేస్తారు. గోడ పాడు చేశావని ఒకరు, లేదని ఒకరు అంటే ఎవరి మనిషీ కాని ఒకాయన ఫోటోలూ కాగితాలూ చూసి తేలుస్తాడు. ఋజువు చూపాల్సింది ఇంటివాళ్ళే. అంతదాకా ఆ డబ్బు అద్దెకున్నవాళ్ళదే.

"ఆవిడదే అని నేనూ అంటున్నాను కదండీ. ముట్టుకోలేదు కూడా," అన్నాను.

"సంతోషం డోరీన్ గారూ. కానీ రేపు మీకేదైనా అయిందనుకోండి. ఆ డబ్బా ఎవరికి పోతుంది?"

"మా అబ్బాయికి."

"ఆ కవరు బెవ్ గారిదని ఆయన ఇచ్చేస్తారా?"

నేను సంచి పట్టీ సవరించుకున్నాను కీరన్. ఆయన అది చూసి, దగ్గు బిళ్ళ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, "అందుకేనండీ స్కీములు పెట్టింది," అన్నారు. ఇప్పుడు తీసుకెళ్ళి స్కీములో వేసినా ఆలస్యంగా చేసిన మంచి పనే అవుతుంది తప్ప నోటీసుకు ప్రాణం రాదన్నారు.

అదీ సంగతి. నోటీసు చెల్లదు, బెవ్ కదలక్కర్లేదు, చట్టం ఒప్పుకోదు. నా ఫ్లాటు సంగతి నీకు తెలుసు, వయసు మళ్ళినవాళ్ళకిచ్చేది, చుట్టాలు వస్తే రెండు మూడు రాత్రులు ఉండనిస్తారు, అంతే.

ఇంతవరకూ పొద్దున రాశాను. ఇక్కడ ఇట్లు అని రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. ఐవీ భోజనానికి పిలిస్తే వెళ్ళాను. వేయించిన మాంసం, ఉడకబెట్టిన క్యాబేజీ. నా కంచంలోది అలాగే ఉంటే, "నీ కొడుకొస్తున్నాడంటే నీ మొహంలో పండగ కనబడదేమిటే?" అంది. మోకాళ్ళ నొప్పి అన్నాను. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. ఒక్క అబద్ధం లేదు. అయినా నిన్ను మోసం చేసినట్టే ఉంది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

ఫెయిర్‌హర్స్ట్ గారు ఇంకో దారి చెప్పారు. డిపాజిట్ మొత్తం బెవ్ చేతికి తిరిగి ఇచ్చేసి, అందిందని సంతకం పెట్టించుకోవాలి. అప్పుడు కొత్తగా నోటీసు ఇవ్వొచ్చు. అది నిలబడుతుంది. మళ్ళీ రెండు నెలలు. నువ్వు వచ్చే వేళకు ఇల్లు ఖాళీ. బెవ్ కోర్టుల దాకా లాగే మనిషి కాదు, తండ్రిని తీసుకుని ఎక్కడికో వెళ్ళిపోయేది. అంటే ఇల్లు నీకు వచ్చే దారి ఉంది. నేనే నీకు రాయలేదు.

ఆ దారినే పోదామనుకున్నాను, నమ్ము. ఆ శనివారం కుర్చీ వేసుకుని డబ్బా దింపి, సంచిలో పెట్టుకుని, అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను. బెవ్ బజారుకు వెళ్ళింది. నార్మన్ తలుపు తీసి, నేను కోటు కూడా విప్పకముందే, "ఏమ్మా, ఇటు రా, నీకొకటి చూపించాలి," అని పెరటి వైపు నడిచాడు. నాలుగడుగులకు ఒకసారి గోడ పట్టుకుని ఆగుతున్నాడు. వంటింటి వెనక తలుపు తీసి, "చూడు!" అన్నాడు.

వెనక మెట్టు. పాచి మొత్తం గీకేసి, అంచు విరిగిన చోట కొత్త సిమెంటు వేసి, పక్కన పట్టుకోవడానికి ఇనప కమ్మీ బిగించాడు.

"మీరెందుకు చేశారండీ ఇదంతా? ఆ ఊపిరితో!"

"కూర్చునే చేశాలే. మూడు రోజులు పట్టింది. బెవ్‌కు తెలిస్తే చంపేస్తుంది, చెప్పకు."

"ఖాళీ చెయ్యమన్న ఇంటికి మెట్టు కట్టడమేమిటి నార్మన్ గారూ?"

"నువ్వీ మెట్టు మీదే కదమ్మా పడ్డావు? చెయ్యి విరిగిందిగా? శుక్రవారం శుక్రవారం చూస్తున్నాను, కప్పు రెండు చేతులతో పట్టుకుంటావు. మేమున్నా పోయినా నువ్వు వచ్చే ఇల్లే కదా. ఇక భయం లేదు. ఈ మెట్టు మీద ఇంకెవరూ పడరు."

నేను ఆ మెట్టు మీద నిలబడ్డాను. ఆయన చూడాలి కదా అని కమ్మీ పట్టుకుని దిగి, మళ్ళీ ఎక్కాను. చాలా గట్టిగా ఉంది. బాగుందండీ అన్నాను. టీ తాగాను. డబ్బా సంచిలోంచి తియ్యలేదు. బెవ్ వచ్చేలోపే లేచి వచ్చేశాను.

నేను మెట్టు మీద పడలేదు కీరన్. ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. నువ్వు పబ్బు నుంచి వచ్చావు. నీకని దాచిన మాంసం రొట్టె, ఆ 'పై', చల్లగా ఉందన్నావు. ఉండు, ఓవెన్‌లో పెడతాను అన్నాను. అంతే అన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని వెనక్కు తిప్పావు, లోపల ఏదో టక్కుమంది. నువ్వు కూడా విన్నావు. విని, వదిలేసి, ఆ చల్లని 'పై' తినేసి పడుకున్నావు. ఆసుపత్రిలో మెట్టు మీద జారానని చెప్పాను. ఐవీకి చెప్పాను. వీధంతా చెప్పాను. పైన గదిలో మంచం మీదున్న మీ అమ్మమ్మ మర్నాడు నా కట్టు చూసి, "ఆ మెట్టు బాగు చేయించు డోరీన్," అంది. అంతకు మించి ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత రెండు నెలలకు నువ్వు పబ్బు బయట ఆ అబ్బాయిని కొట్టావు, పోలీసులు వచ్చారు.

నువ్వు లోపలున్నది ఆ అబ్బాయి కోసం. నా కోసం నిన్నెవరూ లోపల పెట్టలేదు. నేనెవరికీ చెప్పలేదు కనక.

ఇది రాస్తుంటే ఏడుపొస్తుందనుకున్నాను. రావడం లేదు. కోపం కూడా రావడం లేదు. రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ లేదు, పెన్ను జారిపోతుంటే మళ్ళీ పట్టుకుంటున్నాను. నువ్వు లోపలికి వెళ్ళిన రాత్రి నేను నిద్రపోయాను. అంత గాఢంగా ఎన్నేళ్ళకో నిద్రపోయాను. తల్లినై ఉండి ఎలా నిద్ర పట్టిందా అని పొద్దున కూర్చుని ఆలోచించాను. అప్పట్నుంచే ఇలా ఉన్నాను. నువ్వు వస్తున్నావని ఉత్తరం వచ్చిన రోజు నుంచి నిద్ర లేదు. నాకు నువ్వంటే భయం నాన్నా. ఆ మాట నీకు చెప్పడానికి ఇన్ని పేజీలు పట్టింది.

సోమవారం పొద్దున బ్యాంకుకు వెళ్ళి కవరులోని డబ్బు ఖాతాలో వేశాను. అక్కడి నుంచి లైబ్రరీకి వెళ్ళాను. కంప్యూటరు దగ్గరుండే అమ్మాయి అన్నీ టైపు చేసింది. ఇంటి చిరునామా, బెవ్ పేరు, నా పేరు. చివర్లో, "ఇక నొక్కనా అండీ? నొక్కితే డబ్బు స్కీముకు వెళ్ళిపోతుంది," అంది. ఫెయిర్‌హర్స్ట్ గారు ఆ రోజు లేరు గానీ ఆయన చెప్పింది గుర్తుంది. బెవ్ చేతికిస్తే నోటీసు బతుకుతుంది. స్కీములో వేస్తే బతకదు. నొక్కమ్మా అన్నాను.

తెలిసే చేశాను కీరన్. నీ తల్లికి కాగితాలు తెలియవని, పొరపాటు పడిందని ఎవరితోనూ అనకు. డబ్బాలో పెట్టడం పొరపాటు. ఇది కాదు.

కాగితం రాగానే బెవ్‌కు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆలస్యం చేసినందుకు కోర్టుకు వెళ్ళే హక్కు ఆవిడకు ఇప్పటికీ ఉంది, అది కూడా చెప్పాను. బెవ్ కాగితం రెండుసార్లు చదివింది.

"అంటే మేముండొచ్చా?"

"ఉండండి."

"మరి మీ అబ్బాయి?"

"వాడికి వాళ్ళే ఏదో చూస్తారు."

ఆవిడ ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నార్మన్ ముందు గదిలోంచి, "ఏమైందే? ఎవరు పోయారు?" అని అరిచాడు. నేను గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడను చూస్తుంటే, ఏడవడం ఇలా కదా, అనిపించింది.

మొన్న బుధవారం నీ ప్రొబేషన్ ఆఫీసరు హోల్‌గేట్ గారు ఫోను చేశారు. ఆ ఇల్లు ఖాళీ లేదని చెప్పాను. "ఇంకేమైనా కారణం ఉందా అండీ?" అని మెల్లగా అడిగారు. ఉందన్నాను. చెప్పాను. మెట్టు గురించి కాదు, చెయ్యి గురించి. మొదటిసారి నా నోటితో ఇంకొకరికి చెప్పాను. ఆవిడ చాలాసేపు రాసుకున్నారు. దానివల్ల నీ ట్యాగు ఆగిపోవచ్చునని, ప్రెస్టన్‌లో జైలు నుంచి వచ్చినవాళ్ళుండే హాస్టలు చూడాల్సి వస్తుందని, అది కూడా నువ్వు అనుకున్నప్పటికి దొరక్కపోవచ్చునని అన్నారు. ఇదంతా ఆవిడ నీకు చెప్పే లోపల నా చేత్తో రాసి చెప్పాలనిపించింది. నీ వేసవి పోయింది. నావల్లే పోయింది.

నెల నెలా నిన్ను చూడడానికి వస్తూనే ఉంటాను. అక్కడ మధ్యలో బల్ల ఉంటుంది, గోడ దగ్గర యూనిఫారం మనిషి ఉంటాడు. నువ్వు కాఫీలో చక్కెర కలుపుతూ చిన్నప్పటిలా నవ్వుతావు. నిజం చెప్పనా, ఈ మూడు నాలుగేళ్ళలో నిన్ను భయం లేకుండా చూసింది ఆ బల్ల దగ్గరే. నిన్ను చూసి ముద్దొచ్చింది కూడా అక్కడే. నువ్వు రావద్దంటే రాను. కబురు చెయ్యి.

బయటికి వచ్చాక ఈ ఊరు రాకు. ఇప్పుడే రాయడం ఆపి, లేచి వెళ్ళి ఐవీకి చెప్పేశాను, కింద తలుపు దగ్గర కూర్చునే వార్డెన్‌కు కూడా చెప్పేశాను. సిగ్గేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

దీనికి జవాబు రాయి. ఏం రాస్తావో నాకు తెలుసు. రాయి. గీతలు గీసుకో, కాగితం చిరిగినా పర్లేదు. ఎంత తిడితే అంతా కూర్చుని చదువుతాను. ఉత్తరంలో నువ్వు నా మీద చెయ్యి చేసుకోలేవు.

ఇట్లు,
ఎప్పటికీ నీ తల్లే అయిన
అమ్మ,
డోరీన్.